చంపినవాళ్ల లెక్కలతోనే నిలదీసింది: ఐడా బి. వెల్స్ జీవితం

హత్య జరిగిన మర్నాటికల్లా చచ్చిపోయినవాడి మీద ఒక నింద సిద్ధంగా ఉంటుంది. ఆడపిల్లను ఏదో అన్నాడనో, దొంగతనం చేశాడనో, పెద్దవాళ్లకు ఎదురు తిరిగాడనో. ఆ నింద పోలీసు కాగితాల్లోకి ఎక్కుతుంది, పత్రికల్లోకి ఎక్కుతుంది. కొన్నాళ్లకు బాధితుల సొంత మనుషులు కూడా నిజమేనేమో అనుకునే స్థితి వస్తుంది. అసలు గొడవ ఎక్కడ మొదలైందన్నది ఎవరూ అడగరు. కూలి డబ్బుల దగ్గరా, కౌలు లెక్క దగ్గరా, నడుస్తున్న చిన్న కొట్టు దగ్గరా అన్న ప్రశ్న శవంతో పాటే మట్టిలో కలిసిపోతుంది.

ఆ ప్రశ్నను వదలకుండా 40 ఏళ్లు పట్టుకుని తిరిగిన మనిషి ఐడా బి. వెల్స్. అమెరికాలో నల్లజాతి మనుషుల్ని మూకలు చెట్లకు వేలాడదీసి, కాల్చి, తగలబెట్టి చంపుతున్న కాలంలో ఆమె ఒక్కో హత్య వెనక ఉన్న అసలు సంగతి తవ్వి తీసింది. ఈ రోజు మనం నిజనిర్ధారణ అని పిలుచుకునే పనిని, చేతిలో అధికారం లేకుండా, వెనక పెద్ద సంస్థ లేకుండా, ప్రాణానికి తెగించి చేసింది.

బానిసగా పుట్టి, పదహారేళ్లకే ఇంటి దిక్కై

ఐడా 1862 జూలై 16న మిసిసిపి రాష్ట్రంలోని హోలీ స్ప్రింగ్స్‌లో పుట్టింది. తండ్రి జేమ్స్ వడ్రంగి, తల్లి ఎలిజబెత్ వంట మనిషి. ఇద్దరూ బానిసలే కాబట్టి పుట్టిన బిడ్డ కూడా చట్టం ప్రకారం యజమాని ఆస్తే. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యేనాటికి ఐడాకు మూడేళ్లు. స్వేచ్ఛ వచ్చాక ఆ తల్లిదండ్రులు మొదట పట్టించుకున్నది చదువు. ఊళ్లో నల్లవాళ్ల కోసం పెట్టిన కళాశాలకు తండ్రి ధర్మకర్తల్లో ఒకడు. పిల్లలతో పాటు తల్లి కూడా బడికి వెళ్లి, బైబిలు చదివే దాకా అక్షరాలు నేర్చుకుంది.

1878లో పచ్చజ్వరం ఆ ప్రాంతాన్ని ఊడ్చేసింది. తల్లి, తండ్రి, పసి తమ్ముడు పోయారు. మిగిలిన పిల్లల్ని తలా ఒక ఇంటికి పంచేద్దామని పెద్దలు కూర్చుని మాట్లాడుతుంటే, పదహారేళ్ల ఐడా ఒప్పుకోలేదు. వయసు ఎక్కువ చెప్పి పల్లెటూరి బడిలో పంతులమ్మ ఉద్యోగం సంపాదించింది. తర్వాత టెనెస్సీ రాష్ట్రంలోని మెంఫిస్‌కు చేరింది.

అక్కడే 1883లో రైలు సంఘటన జరిగింది. టిక్కెట్టు కొని ఆడవాళ్ల పెట్టెలో కూర్చున్న ఆమెను పొగచుట్టలు కాల్చేవాళ్ల పెట్టెలోకి పొమ్మన్నారు. పోనంది. లాగబోయిన కండక్టరు చేతిని కొరికింది. ముగ్గురు మగవాళ్లు కలిసి ఈడ్చితే తప్ప ఆమెను కదిలించలేకపోయారు. రైల్వే కంపెనీ మీద కేసు వేసింది. 1884లో కింది కోర్టు 500 డాలర్ల పరిహారం ఇమ్మంది. 1887లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, కోర్టు ఖర్చులు ఆమెనే కట్టమంది. న్యాయస్థానం మీద ఆమె పెట్టుకున్న నమ్మకానికి అది మొదటి దెబ్బ. ఆ అనుభవాన్ని ఆమె రాతల్లో పెట్టింది. అయోలా అనే కలం పేరుతో నల్లజాతి పత్రికల్లో రాయడం మొదలుపెట్టి, 1889లో మెంఫిస్‌లోని ఫ్రీ స్పీచ్ పత్రికలో వాటాదారు, సంపాదకురాలు అయింది. నల్లపిల్లల బడుల దుస్థితి గురించి రాసినందుకు 1891లో పంతులమ్మ ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి కలమే బతుకుతెరువు.

ఒక కిరాణా కొట్టు, మూడు శవాలు

మెంఫిస్ శివార్లలో కర్వ్ అనే చోట నల్లవాళ్లు కొందరు వాటాలు వేసుకుని పీపుల్స్ గ్రోసరీ అనే కొట్టు పెట్టుకున్నారు. దాన్ని నడిపేవాళ్లలో ముఖ్యుడు టామస్ మాస్. పగలు ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు, రాత్రిళ్లు కొట్టు లెక్కలు చూసుకునేవాడు. ఐడాకు ఆప్త మిత్రుడు. అతని కూతురికి ఆమె జ్ఞానతల్లి. ఎదురుగా ఒక తెల్లవాడి కొట్టు ఉంది. అంతదాకా ఆ పేటలో బేరమంతా అతనిదే. నల్లవాళ్ల కొట్టు వచ్చాక బేరం చీలింది.

1892 మార్చిలో పిల్లల గోళీలాట దగ్గర గొడవ రేగింది. నల్లపిల్లలు, తెల్లపిల్లలు కొట్టుకుంటే పెద్దలు కల్పించుకున్నారు. కొట్టు మీద దాడి జరగబోతోందన్న కబురు వచ్చింది. నిర్వాహకులు వకీలును అడిగితే, అది నగర పోలీసుల పరిధిలో లేదు కాబట్టి మిమ్మల్ని మీరే కాపాడుకోవచ్చన్నాడు. కాపలా పెట్టుకున్నారు. మార్చి 5 శనివారం రాత్రి మామూలు దుస్తుల్లో ఆయుధాలతో వెనక దారిన వచ్చినవాళ్ల మీద కాపలావాళ్లు కాల్పులు జరిపారు. ముగ్గురు గాయపడ్డారు. వచ్చింది షెరీఫ్ మనుషులని తర్వాత తేలింది. నల్లవాళ్ల ఇళ్ల మీద పడి పదుల మందిని అరెస్టు చేశారు. జైలు దగ్గర రెండు రాత్రులు నల్లజాతి యువకులే కాపలా కాశారు. గాయపడ్డవాళ్లు బతుకుతారని తెలిసి, ప్రమాదం తప్పిందనుకుని వెళ్లిపోయారు. మార్చి 9 తెల్లవారుజామున ముసుగులేసుకున్న మూక జైల్లోకి వచ్చి టామస్ మాస్, కాల్విన్ మెక్‌డోవెల్, విల్ స్టీవర్ట్‌లను రైలు పట్టాల వైపు తీసుకుపోయి కాల్చి చంపింది. మాస్ భార్య అప్పటికి గర్భవతి.

చివరి క్షణంలో మాస్ ఏం కోరుకున్నాడో తెల్లవాళ్ల పత్రికే అచ్చేసింది. ఇక్కడ మనకు న్యాయం లేదు, పడమటికి వెళ్లిపొమ్మని తనవాళ్లకు చెప్పమన్నాడట. చంపినవాళ్ల పక్కనే ఎవరో ఉండి విని, రాసి, పత్రికకు ఇస్తే తప్ప ఆ మాట అచ్చులోకి రాదు. అయినా హంతకులెవరో ఎవరికీ తెలియదని అధికారులు తేల్చేశారు. కొట్టు లూటీ అయింది. మిగిలిన సరుకును ఎదుటి కొట్టు యజమానే కారుచౌకగా కొనుక్కున్నాడు.

ఐడా ఆ రోజుల్లో ఊళ్లో లేదు. తిరిగొచ్చేసరికి మిత్రుణ్ణి పాతిపెట్టేశారు. మాస్ కోరికనే ఆమె పత్రికలో పదేపదే రాసింది. వేలమంది నల్లవాళ్లు మెంఫిస్ వదిలి ఓక్లహోమా వైపు బయల్దేరారు. మిగిలినవాళ్లు ట్రాము బళ్లు ఎక్కడం మానేశారు. ట్రాము కంపెనీ పెద్దలు ఆమె ఆఫీసుకే వచ్చి, మీవాళ్లకు నచ్చజెప్పమని అడిగే దాకా వచ్చింది. ఆమె నచ్చజెప్పలేదు. ఒక తుపాకీ కొనుక్కుంది.

నింద లోపల ఏముంది?

అంతకు ముందు దాకా ఐడా కూడా లించింగ్ గురించి అందరూ చెప్పే మాటే నమ్మింది. తెల్లస్త్రీల మీద అత్యాచారాలు జరుగుతున్నాయని, ఆ కోపంలో మూక చట్టాన్ని చేతిలోకి తీసుకుంటోందని. మాస్ ఎవరి మీదా చెయ్యి వేయలేదు. అతను చేసిన నేరం కొట్టు బాగా నడపడమే. మరి మిగతావాళ్ల సంగతేమిటి? ఈ ప్రశ్న ఆమె జీవితాన్ని మార్చేసింది.

ఒక్కో ఘటననూ తీసుకుని వెతకడం మొదలుపెట్టింది. అంతకు ముందు ఎనిమిదేళ్లలో మూకలు చంపిన నల్లవాళ్లు 728 మందని లెక్క తేల్చింది. వాళ్లలో మూడో వంతు మంది మీద మాత్రమే అత్యాచారం నింద ఉంది. అది కూడా నింద మాత్రమే, రుజువు కాదు. మిగిలినవాళ్ల నేరాలేమిటంటే గొడవపడటం, పొగరుగా మాట్లాడటం, దొంగతనం చేశారన్న అనుమానం. కొందరి మీద ఏ నిందా లేదు. నింద ఉన్నచోట కూడా ఆమె లోపలికి వెళ్లి చూసింది. ఒహాయో రాష్ట్రంలో ఒక మతాచార్యుడి భార్య చేసిన ఫిర్యాదుతో విలియం ఆఫెట్ అనే నల్లవాడికి 15 ఏళ్ల శిక్ష పడింది. అది తన ఇష్టంతోనే జరిగిందని ఆ స్త్రీ తర్వాత భర్త దగ్గర ఒప్పుకుంది. అప్పటికే అతను నాలుగేళ్లు జైల్లో గడిపాడు. మూక చేతికి చిక్కి ఉంటే ఆ నిజం బయటపడేదే కాదు.

ఇంకో సంగతి కూడా ఆమె సూటిగా రాసింది. నల్లజాతి స్త్రీల మీద, చిన్నపిల్లల మీద తెల్లవాళ్లు చేసిన అత్యాచారాలకు ఏ మూకా బయల్దేరలేదు. కాబట్టి మూక కోపం అత్యాచారం మీద కాదు. ఎవరి ఆడవాళ్లు, ఎవరి మగవాళ్లు అన్నదాని మీద. నల్లవాడూ తెల్లస్త్రీ ఇష్టపడి కలిసినా దానికి అత్యాచారమనే పేరే పెడుతున్నారు. కులాంతర ప్రేమకు శవంతో జవాబు చెప్పే ఊళ్లను చూసిన మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

1892 మే 21న ఈ అభిప్రాయాన్ని ఫ్రీ స్పీచ్‌లో ఒక చిన్న సంపాదకీయంగా రాసింది. మెంఫిస్ తెల్లపత్రికలు రగిలిపోయాయి. రాసింది మగవాడనుకుని, అతనికి ఏ శిక్ష వేయాలో కూడా అచ్చేశాయి. మే 27న మూక పత్రిక ఆఫీసును ధ్వంసం చేసింది. భాగస్వామి ఫ్లెమింగ్ అప్పటికే ఊరు దాటాడు. ఐడా ఉత్తరాది ప్రయాణంలో ఉండటం వల్ల బతికింది. తిరిగొస్తే చంపుతామన్న కబురు అందింది. పత్రిక పోయింది, ఇల్లు పోయింది, ఊరు పోయింది.

చంపినవాళ్ల పత్రికలే సాక్ష్యం

న్యూయార్క్‌లో టి. టామస్ ఫార్చూన్ నడిపే న్యూయార్క్ ఏజ్ పత్రిక ఆమెకు చోటిచ్చింది. అక్టోబరులో నల్లజాతి స్త్రీలు సభ పెట్టి చందాలు పోగుచేశారు. ఆ డబ్బుతో సదరన్ హారర్స్ అనే చిన్న పుస్తకం వచ్చింది. 1895లో వచ్చిన ఎ రెడ్ రికార్డ్ అంతకన్నా పెద్దది. అందులో ఆమె పద్ధతి మనం నేర్చుకోదగ్గది.

లెక్కలన్నీ తెల్లవాళ్ల పత్రిక అయిన చికాగో ట్రిబ్యూన్ నుంచే తీసుకుంది. 1892లో మూకలు చంపింది 241 మందిని, వాళ్లలో 160 మంది నల్లవాళ్లు. పేరు, తేదీ, ఊరు, మోపిన నింద, వరసగా పట్టికలు వేసింది. నల్లవాళ్లు చెప్పిన మాటైతే అతిశయోక్తి అని కొట్టిపారేస్తారు. తమ పత్రికలో తామే అచ్చేసుకున్నదాన్ని కాదనలేరు. సిగ్గులేకుండా రాసుకున్న గర్వాన్నే ఆమె నేరాంగీకారంగా మార్చింది.

1893లోనూ 1894లోనూ బ్రిటన్ వెళ్లి సభల్లో మాట్లాడింది. ఆమెను పిలిచినవాళ్లలో ఒకరు క్యాథరీన్ ఇంపీ. ఈ ఆంగ్లేయ మహిళ 1888 నుంచి నడుపుతున్న పత్రిక పేరు యాంటీ క్యాస్ట్. చర్మం రంగును బట్టి మనుషుల్ని విడదీయడాన్ని ఆమె కులమనే పిలిచింది. అంతకు ముందే 1873లో జోతిబా ఫూలే తన గులాంగిరి పుస్తకాన్ని, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. మన పోరాటం, వాళ్ల పోరాటం ఒకదాన్నొకటి చూసుకోవడం ఈ మధ్య మొదలైన సంగతి కాదు.

బ్రిటన్‌లో లించింగ్ వ్యతిరేక కమిటీ ఏర్పడింది. దక్షిణాది పత్తి కొనే దేశంలో పరువు పోతోందని అమెరికా పత్రికలు ఆమెను నానా తిట్లూ తిట్టాయి. నీతిబోధకు లొంగనివాళ్లు వ్యాపార నష్టానికి లొంగుతారని ట్రాము బహిష్కరణ రోజుల్లోనే ఆమెకు తెలుసు.

తల్లి, భార్య, పరిశోధకురాలు

1895లో చికాగోలో న్యాయవాది ఫెర్డినాండ్ బార్నెట్‌ను పెళ్లాడింది. తన పేరు వదులుకోకుండా వెల్స్-బార్నెట్ అయింది. నలుగురు పిల్లలు. చంటిబిడ్డను ఎత్తుకునే సభలకు తిరిగింది.

1898 ఫిబ్రవరిలో దక్షిణ కరోలినాలోని లేక్ సిటీలో ఫ్రేజియర్ బేకర్ అనే నల్లజాతి పోస్ట్‌మాస్టర్ ఇంటికి మూక నిప్పు పెట్టింది. బయటికి వస్తున్నవాళ్ల మీద కాల్పులు జరిపింది. బేకర్, పసికూన జూలియా చనిపోయారు. భార్య, మిగిలిన పిల్లల్లో కొందరు గాయాలతో బయటపడ్డారు. నల్లవాడికి సర్కారు ఉద్యోగం రావడమే అతని నేరం. ఐడా చంటిబిడ్డతో వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు మెకిన్లీని కలిసింది. ఆ కుటుంబానికి పరిహారం ఇవ్వాలని వారాల తరబడి తిరిగింది. ఇంతలో స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది, పరిహారం మరుగున పడింది. నిందితుల మీద విచారణ జరిగినా జ్యూరీ ఒక్క మాట మీదికి రాలేదు. ఎవరికీ శిక్ష పడలేదు.

1899 ఏప్రిల్‌లో జార్జియాలో సామ్ హోస్ అనే కూలీని వేల మంది చూస్తుండగా సజీవంగా తగలబెట్టారు. చూడటానికి అట్లాంటా నుంచి రైళ్లలో వచ్చారు. యజమానిని చంపి అతని భార్యను చెరిచాడని పత్రికలు రాశాయి. చికాగోలో చందాలు వేసుకుని ఒక తెల్లజాతి డిటెక్టివును అక్కడికి పంపారు. అతను తెచ్చిన సమాచారాన్ని ఐడా పుస్తకంగా వేసింది. జబ్బుతో ఉన్న తల్లిని చూడటానికి సెలవు, డబ్బు అడిగాడు హోస్. మాటా మాటా పెరిగింది. మర్నాడు యజమాని తుపాకీ తీస్తే చేతిలో ఉన్న గొడ్డలి విసిరాడు. అత్యాచారం జరగనే లేదు. కూలివాడు డబ్బు అడగడంతో మొదలైన గొడవను పత్రికలు కామాంధుడి కథగా మార్చాయి.

1909లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కైరోలో విల్ జేమ్స్ అనే నల్లవాణ్ణి షెరీఫ్ అదుపులోంచి లాక్కుని చంపారు. ఖైదీని మూకకు వదిలేసిన షెరీఫ్ పదవి పోవాలన్న చట్టం ఆ రాష్ట్రంలో 1905 నుంచి ఉంది. షెరీఫ్ ఫ్రాంక్ డేవిస్ పదవి పోయింది, తిరిగి ఇమ్మని అర్జీ పెట్టుకున్నాడు. ఎవరో ఒకరు వెళ్లి ఎదురు నిలబడాలి. అప్పటికే తోటి నాయకుల విమర్శలతో విసిగిపోయిన ఐడా ఈసారి నేను వెళ్లనంది. ఆ రాత్రి పెద్దకొడుకు వచ్చి, నువ్వు వెళ్లకపోతే ఇంకెవరు వెళ్తారని అడిగాడు. మర్నాడు బయల్దేరింది. కైరోలో కొందరు నల్లవాళ్లే షెరీఫ్ మంచివాడని సంతకాలు పెట్టారు. వాళ్లను సభకు పిలిచి, ఈ రోజు అతన్ని వదిలేస్తే రేపు మనలో ఎవరికీ రక్షణ ఉండదని చెప్పి ఒప్పించింది. సాక్ష్యాలు పోగుచేసి గవర్నర్ డెనీన్ ముందు వాదించింది. షెరీఫ్‌కు పదవి తిరిగి ఇవ్వలేదు.

మన అత్యాచారాల నిరోధక చట్టం 1989లో 4వ సెక్షన్ ఉంది. విధి నిర్వహణను కావాలని నిర్లక్ష్యం చేసే ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగిని శిక్షించడానికి పెట్టింది. చట్టంలో అక్షరాలు ఉంటే చాలవు, దాన్ని పట్టుకుని వెళ్లి నిలబడే మనిషి కావాలన్నది కైరో చెప్పే పాఠం.

సొంతవాళ్ల మధ్య ఒంటరి

ఐడాను తెల్లవాళ్లే కాదు, సొంత ఉద్యమమూ పక్కన పెట్టింది. 1909లో నల్లజాతి హక్కుల జాతీయ సంఘం పెట్టినప్పుడు 40 మంది వ్యవస్థాపక కమిటీ జాబితాలో మొదట ఆమె పేరు లేదు. తీసేసినవాడు డు బోయిస్. 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఈ డు బోయిస్‌కే. గొడవ జరిగాక ఐడా పేరు చేర్చారు గానీ ఆ గాయం మానలేదు. 1913లో వాషింగ్టన్‌లో స్త్రీల ఓటుహక్కు ఊరేగింపులో నల్లజాతి స్త్రీలు చివర నడవాలన్నారు. ఆమె ప్రేక్షకుల్లోకి వెళ్లి నిలబడి, తన రాష్ట్రం బృందం రాగానే వచ్చి తెల్లస్త్రీల పక్కన నడిచింది. తెల్లస్త్రీల ఉద్యమంలో రంగు, నల్లమగవాళ్ల నాయకత్వంలో ఆడమనిషి కావడం, రెండూ ఆమెకు అడ్డే.

1919లో ఆర్కన్సాలోని ఎలేన్ దగ్గర పత్తి కౌలు రైతులు సంఘం పెట్టుకున్నారు. పండించిన పత్తికి సరైన లెక్క చెప్పమన్నదే వాళ్ల కోరిక. వాళ్ల సమావేశం దగ్గర కాల్పులు జరిగాయి. ఆ తర్వాత మూకలు, సైనికులు కలిసి రోజుల తరబడి నల్లవాళ్లను వేటాడి చంపారు. చివరికి ఉరిశిక్ష పడింది 12 మంది నల్లరైతులకు. కొరడాలతో కొట్టి, కరెంటు షాకులు పెట్టి సాక్ష్యాలు చెప్పించారు. ఐడా దాదాపు 30 ఏళ్ల తర్వాత దక్షిణాదిలో అడుగుపెట్టింది. ఖైదీల భార్యలు, తల్లుల గుంపులో చుట్టంలా కలిసిపోయి జైల్లోకి వెళ్లింది. ఖైదీలు చావు గురించి, పరలోకం గురించి పాడుతుంటే, చావు గురించి పాడటం మానండి, బయటికి రావాలని ప్రార్థించండి అంది. ఒక్కొక్కరి దగ్గరా ఎన్ని ఎకరాలు సాగు చేశారు, ఎంత పత్తి, ఎంత మొక్కజొన్న, ఎన్ని పశువులు పోయాయో రాసుకుంది. 1920లో అచ్చేసిన ఆమె పుస్తకంలో ఆ లెక్కలన్నీ ఉన్నాయి. పంట ఎవరి ఇంటికి చేరిందో చూస్తే చంపింది ఎందుకో తెలుస్తుంది. నల్లజాతి హక్కుల జాతీయ సంఘం, స్థానిక న్యాయవాది సిపియో జోన్స్ కోర్టుల్లో పోరాడారు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు మూక నీడలో జరిగిన విచారణ విచారణే కాదని తేల్చింది. 1925 నాటికి 12 మందీ విడుదలయ్యారు.

అసంపూర్తి వాక్యం

1931 మార్చి 25న చికాగోలో ఐడా చనిపోయింది. ఆత్మకథ వాక్యం మధ్యలో ఆగిపోయింది. కూతురు ఆల్ఫ్రెడా దాన్ని దాచి, పరిష్కరించి, 1970లో అచ్చులోకి తెచ్చింది. 2020లో పులిట్జర్ సంస్థ ప్రత్యేక పురస్కారం ప్రకటించింది. లించింగ్‌ను ఫెడరల్ నేరంగా గుర్తించే చట్టం కోసం మొదటి బిల్లు 1900లో వస్తే, చట్టమైంది 2022లో. టామస్ మాస్ హంతకుల్లో ఒక్కరికీ శిక్ష పడలేదు.

మనకూ ఈ అనుభవం ఉంది. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపిన కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. న్యాయం దక్కనప్పుడు నిజాన్ని రాసి ఏం లాభమని విద్యార్థులు అడుగుతారు. కోర్టు కొట్టేసిన కేసులో కూడా చచ్చిపోయినవాడి పేరు నిందితుడిగా మిగలకూడదు. మాస్ రౌడీగా కాక, ఉత్తరాలు పంచి, కొట్టు నడిపి, కూతుర్ని ప్రేమించిన మనిషిగా ఈ రోజు మనకు తెలుసంటే అది ఐడా రాసినందువల్లే. రేపు మీరు ఏ ఊరికి నిజనిర్ధారణకు వెళ్లినా, నింద ఏమిటని అడిగే ముందు చచ్చిపోయినవాడికి ఎవరు బాకీ ఉన్నారో అడగండి. అతని భూమి, కూలి, చదువు, ప్రేమ ఎవరికి కంటగింపయ్యాయో అడిగి, పేరుతో, తేదీతో రాసి పెట్టండి.